రంగు పట్టే నీళ్ళు

పగడమా, నీ రంగు నీ ఎముకలో లేదు.

మా అమ్మమ్మ మంగళసూత్రంలో నల్లపూసల పక్కన ఒదిగిన ఎర్ర పగడానిది వేరే పుట్టుక. మధ్యధరా సముద్రంలో, ఎండ సరిగా చొరని గుహల్లో, రాతి చూరుల కింద పెరిగే జాతి అది. దాని ఎరుపు సున్నంతోపాటే గట్టిపడి ఎముకలో ఇంకిపోయింది. ప్రాణం పోయినా పోని ఎరుపు. అందుకే నేపుల్స్ పక్కనున్న టోరె దెల్ గ్రెకోలో తరాల తరబడి దాన్ని సానబట్టి పూసలు తీశారు. రోమ్ ఆడవాళ్ళకు ముత్యం ఎంతో భారతీయులకు పగడం అంత అని దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే ప్లినీ రాసిపెట్టాడు. కుజుడి పేరు చెప్పి వేలికి పెట్టుకున్నా, తాళి పక్కన గుచ్చుకున్నా అది అంత తేలిగ్గా మాసిపోయే ఎరుపు కాదు.

నువ్వు సముద్రంలో దిబ్బలు కట్టే రాతిపగడానివి, నీది అలాంటి రంగు కాదు. నీ ఎముక తెల్లటి సున్నం. దాని మీద పల్చగా పరుచుకున్న ఒంట్లో ఉంది నీ ఆకుపచ్చ, నీ ఊదా, నీ గులాబీ అంతా. ఊపిరి ఉన్నంతసేపే ఉండే రంగు. ఏ కంసాలీ దాన్ని బంగారంలో బిగించలేడు. చూడాలంటే నువ్వు బతికుండగా నీళ్ళలోనే చూడాలి, పొగడాలంటే అక్కడే పొగడాలి.

నీ ఒంట్లో నువ్వొక్కదానివే లేవు. నీ కణాల్లోపల గోధుమరంగు నాచుకణాలు కాపురముంటాయి. చదరపు సెంటీమీటరు మేర లెక్కపెడితే లక్షల్లో తేలుతాయి. పగలంతా వెలుగు తాగి అవి చక్కెర వండుతాయి, అందులో పెద్ద వాటా నీకే ఇస్తాయి. నువ్వు విడిచిన బొగ్గుపులుసు వాయువు, నీ ఒంటి వ్యర్థంలోని నత్రజని వాటికి తిండి. ఒకరు విడిచింది ఇంకొకరు ఏరుకుని బతికే ఆ ఇంట్లో పారబోసేదంటూ ఉండదు. పోషకాలు అంతంతమాత్రంగా ఉండే ఉష్ణమండలపు సముద్రంలో, అంతరిక్షం నుంచి కూడా కనబడే కట్టడాలు నువ్వు కట్టగలిగావంటే ఆ పొదుపే కారణం.

ఆ గోధుమ వన్నె మీద నీ సొంత రంగులు తేలుతాయి. ఆకుపచ్చగా, లేతనీలంగా, ఎర్రగా వెలిగే ప్రోటీన్లు కొన్ని. నీలి వెలుగును తాగి వేరే రంగులో తిరిగి వదులుతాయవి. అసలు వెలగనివి మరికొన్ని. ఆక్రోపోరా మిల్లెపోరా అనే కొమ్మపగడంలోని నీలం అలాంటిదే: 588 నానోమీటర్ల దగ్గరి నారింజ పసుపు కిరణాన్ని మింగేస్తుంది, మిగిలిన వెలుగు మన కంటికి గాఢమైన నీలంగా అందుతుంది. పువ్వుకు రంగు తుమ్మెదను పిలవడానికి. నెమలికి పింఛం జత కోసం. నీకు కళ్ళే లేవు, నీ రంగు ఎవరి మెప్పుకోసమూ కాదు. ఎండ మండే లోతు తక్కువ నీళ్ళలో ఆ ప్రోటీన్లు నీ లోపలున్న నాచుకు నీడ పడతాయి. వెలుగు సన్నగిల్లిన లోతుల్లో అదే కుదురు ప్రోటీన్లు నీలి కిరణాన్ని నారింజ ఎరుపుగా మార్చి, నీ ఒంట్లో ఇంకా లోపలికి చేరేలా పంపుతాయి. ఇంటివాళ్ళ కోసం పెట్టుకున్న రంగు అది. అంత అక్కరతో పుట్టిన అందాన్ని నేనింకెక్కడా చూడలేదు.

ఆ అందం పోవడమూ చూశాను.

మిషిగన్‌లో చలికాలం. బయట మోకాళ్ళ లోతు మంచు, కింది గదిలో గాజుతొట్టి నిండా 26 డిగ్రీల ఉప్పునీళ్ళు. ఊరు మారుతున్న ఒక మిత్రుడు తన తొట్టిలోని పగడాలను తెలిసినవాళ్ళకు పంచుతూంటే నేనూ వెళ్ళాను. భీమవరం నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన మా మావయ్యగారు కూడా బయల్దేరారు. ఆయనది రొయ్యల చెరువుల మీద నడిచిన జీవితం. మిత్రుడి తొట్టిలో ఇసుక మిలమిలలాడుతోంది, అద్దం మీద నాచు చారిక లేదు. ఆక్రోపోరా మాత్రం పాలిపోయి ఉంది. ఒకప్పటి ఆకుపచ్చ ఎక్కడో మొదట్లో మరకలా మిగిలింది. కొమ్మల చివర్లలో ఊదా ఛాయ ఆనవాలైనా లేదు. చర్మంలోంచి ఎముక తెలుపు కనబడుతోంది.

మావయ్యగారు కుర్చీ లాక్కుని అద్దం ముందు కూర్చున్నారు. "ఆల్కలినిటీ ఎంతుంచుతున్నావు బాబూ?"

"8 డీకేహెచ్ అంకుల్. మీ లెక్కలో 143 పీపీఎం."

"కాల్షియం?"

"420. మెగ్నీషియం 1,300."

"బానే ఉంది. ఫాస్పేటో?"

"సున్నా అంకుల్. నైట్రేటూ సున్నాయే." ఆ మాటలో ఎంతో కష్టపడి సాధించిన తృప్తి ఉంది.

మావయ్యగారు కాసేపు మాట్లాడలేదు. "మేం చెరువులో పిల్ల వదిలేముందు నీళ్ళకి రంగు పట్టిస్తాం బాబూ. అడుగు కనబడేంత తేటగా ఉంటే భయపడతాం. ఇంత తేట నీళ్ళలో ఇదేం తిని బతుకుద్ది?"

తొట్టిలో పగడం పెంచేవాళ్ళు చాలామంది చాలాకాలం నమ్మింది ఆ మిత్రుడు నమ్మినదే. పగడపు సముద్రం అద్దంలా తేటగా ఉంటుంది కనుక తొట్టినీరూ అలాగే ఉండాలన్నది ఆ నమ్మకం. దానికి తగిన పనిముట్లూ పుట్టాయి. నురుగులో మాలిన్యాన్ని పైకి లాగేసే స్కిమ్మరు, ఫాస్పేటును పట్టుకునే ఇనుప ఆక్సైడు గుళికలు, బాక్టీరియాను పెంచి నైట్రేటును తినిపించే వెనిగరు చుక్కలు. ఒక్కొక్కటీ మంచి సాధనమే. అన్నీ కలిసి రాత్రింబవళ్ళు పనిచేస్తే నీళ్ళలో ఏమీ మిగలదు. సముద్రపు తేటనీటిలో పోషకాలు కొంచెమే ఉన్నా ఆ కొంచెం ఆగకుండా ప్రవహిస్తూనే ఉంటుంది. కెరటం వెనక కెరటం, రాత్రి పైకి తేలివచ్చే సూక్ష్మజీవులు, గుంపులు గుంపులుగా ఈదిపోతూ చేపలు విడిచేవి. గాజు గోడల మధ్య ఆ ప్రవాహం లేదు. అక్కడ సున్నా అంటే నిజంగా సున్నాయే.

పగడమా, నీ రంగు రెండు దారుల్లో పోతుంది. నీళ్ళలో పోషకాలు పేరుకుని, దీపం మందగిస్తే నాచుకణాలు కిక్కిరిసి నిన్ను మట్టిరంగులో ముంచేస్తాయి. అప్పుడు నువ్వు మసకబారతావు కానీ ఆకలితో ఉండవు. రెండోది పస్తుల దారి. నత్రజని, భాస్వరం అందక నాచు పల్చబడుతుంది, దీపం మాత్రం అంతే తీక్షణంగా కాలుస్తూ ఉంటుంది, నీ తెల్ల ఎముక ఆ వెలుగును వెనక్కి కొట్టి ఒంట్లో ఇంకా వెదజల్లుతుంది. మిగిలిన కాస్త నాచూ తట్టుకోలేక పోతుంది. మొదటి దారిలో పోయిన రంగు గురించి నాకు పెద్ద దిగులు లేదు. ఈ రెండోదే ప్రాణం మీదికి తెస్తుంది.

మావయ్యగారు కుర్చీలో కూర్చుని అన్న మాట బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి పరీక్షకు నిలబడిన మాట. అక్కడ యోర్గ్ వీడెన్‌మన్ బృందం పగడాలను తొట్లలోనే పెంచి, పోషకాలను తూచినట్టు హెచ్చిస్తూ తగ్గిస్తూ చూసింది. నత్రజని ఎక్కువై భాస్వరం చాలకపోతే వేడికీ వెలుగుకీ పగడం త్వరగా తెల్లబడుతుందని 2013లో చెప్పారు. భాస్వరం కరువైన నాచుకణం లోపలి నిర్మాణమే మారిపోతుందని 2017లో చూపారు. 2023లో 'నేచర్' పత్రికలో వాళ్ళు రాసింది చదివి నేను చాలాసేపు కదల్లేదు. పగడం తన నాచును సాగుచేస్తుందట, పంట పెరిగినకొద్దీ అందులో కొంత కోసుకుని అరిగించుకుంటుందట. నీళ్ళలో కరిగిన నత్రజని, భాస్వరం అలా నాచు ద్వారా దాని ఒంటికి చేరతాయి. హిందూ మహాసముద్రంలో చాగోస్ దీవుల దగ్గర దానికి సాక్ష్యం దొరికింది. సముద్రపక్షులు గూళ్ళు కట్టుకున్న దీవుల చుట్టూ పగడాలు వేగంగా పెరుగుతున్నాయి. ఎలుకలు చేరి పక్షులు తగ్గిన దీవుల చుట్టూ అంత పెరుగుదల లేదు. ఆకాశంలో తిరిగే పక్షి రెట్ట వానతో కడుక్కుపోయి నీళ్ళలో పడి, నాచు నోటికి చేరి, నీ కొమ్మకు బలమవుతోంది. కొంగ ఎగిరే చెరువుగట్టు మీద పెరిగిన మావయ్యగారికి ఇది విడ్డూరంగా తోచలేదు. నాకు మాత్రం ఒక పెద్ద ఆలయం తలుపు తీసినట్టయింది.

ఆ పాలిపోయిన కొమ్మ వచ్చి చేరిన మా తొట్టిలో పక్షులు లేవు. చేపలున్నాయి. పసుపు సర్జన్ చేప ఒకటి, విదూషక చేపల జంట, కొమ్మల సందుల్లో తలదాచుకునే ఆకుపచ్చ క్రోమిస్‌లు. రోజూ ఒక పూట మేసే చేపలకు రెండు మూడు పూటలు మేపితే, అవి విడిచింది నీ దాకా వస్తుంది. ఇంతకంటే మేలైన ఎరువు ఏ సీసాలోనూ లేదని నా గట్టి నమ్మకం.

లంఖణాలు చేసిన ఒంటికి మొదట పల్చటి గంజి పోసినట్టే నీకూ పెట్టాలి. ఫాస్పేటు ఒక్కసారిగా ఎక్కించకూడదు. గుళికల గొట్టం ఆపి, స్కిమ్మరును రాత్రి పూట మాత్రమే తిప్పుతూ, 0.05 పీపీఎం వైపు మెల్లగా నడిపించాలి. నైట్రేటు 5 దగ్గరికొస్తే చాలు. దీపాన్ని సగానికి దించాలి, ఎందుకంటే నీడనిచ్చే రంగులు పోయిన ఒంటికి మునుపటి వెలుగు నిప్పే. ఆల్కలినిటీ ఎంత ఉందన్నదానికన్నా రోజూ అంతే ఉండటం ముఖ్యం. పస్తున్న పగడానికి ఆల్కలినిటీ ఎక్కిస్తే కొమ్మల కొనలు మాడిపోతాయి. నేను ఆవిరైన నీటికి బదులు సున్నపుతేట చుక్కలు చుక్కలుగా పోస్తాను. పీటర్ విల్కెన్స్ అనే పెంపకందారు 1970ల్లో తొట్టి పగడాలకు నేర్పిన పద్ధతి అది. సున్నం నీళ్ళలో కలిపి, పాలతెలుపు కిందికి దిగాక, పైన నిలిచిన తేట. మన ఇళ్ళలో తాంబూలానికి సున్నం తడిపిన చేతులకు అది కొత్త విద్య ఏమీ కాదు.

ఇక చేయవలసింది ఆగడం. ఈ ఆగడమే చాలామందికి కష్టం. ఈ వారం అయొడిన్, వచ్చే వారం పొటాషియం, ఆపైన రంగు తెప్పిస్తానని చెప్పుకునే ఏదో సీసా, ఇలా నీళ్ళను క్షణం నిలవనివ్వరు. నీ జన్యువుల్లో రాసి లేని రంగు ఏ సీసా పోసినా రాదు. ఒకే జాతిలో ఒక పగడానికి ఎర్ర ప్రోటీన్ జన్యువు ప్రతులు ఎక్కువ పనిచేస్తాయి, పక్కదానికి తక్కువ. ఊదా కాలేనిదాన్ని ఊదా కమ్మని వేధించడం నాకు నచ్చదు. నీకున్న రంగు నీకు దక్కితే చాలు.

అది వచ్చే క్రమం ఎంత పద్ధతైనదో!

ముందు రాత్రి వస్తుంది మార్పు. దీపాలు ఆరాక టార్చీ మీద ఎర్ర కాగితం చుట్టి చూస్తే, ఇన్నాళ్ళూ ముడుచుకున్న పాలిప్‌లనే నీ చిన్నిచిన్ని జీవాలు వేళ్ళు చాచి నీళ్ళను తడుముతుంటాయి. తర్వాత పాలిపోయిన ఒళ్ళు గోధుమరంగుకు తిరుగుతుంది. చూడటానికి అందంగా ఉండదు. మురికిపట్టినట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడే హడలిపోయి మళ్ళీ నీళ్ళు తోమడం మొదలుపెడతారు. ఆ మట్టిరంగుకు నేను దండం పెడతాను. ఇల్లు వదిలిపోయినవాళ్ళు తిరిగొచ్చి పొయ్యి ముట్టించిన రంగు అది. ఆ మట్టిరంగు కుదురుకున్నాక దీపాన్ని కొంచెం కొంచెంగా పెంచాలి. ముఖ్యంగా నీలి వెలుగును. నీలి కిరణం తగిలినకొద్దీ నీ రంగు ప్రోటీన్లు ఎక్కువగా తయారవుతాయి. కొమ్మ మొదట్లో మరకగా మిగిలిన ఆకుపచ్చ పైకి పాకుతుంది, పాలిప్‌ల చుట్టూ ఉంగరాల్లా నిలుస్తుంది. అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా నెమ్మదిగా, ఎదిగే కొనల మీద ఊదా ఛాయ పొడుస్తుంది. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అన్నాళ్ళూ నీ ముందు కూర్చోవడం నాకు పూజే.

ఒక మాట మాత్రం చూడవచ్చినవాళ్ళందరికీ చెబుతాను. ఈ రోజుల్లో తొట్ల మీద నీలి దీపాలే వేస్తారు. నీలి వెలుగు కింద ఆకుపచ్చ ప్రోటీన్ ఏ కాస్త ఉన్నా భగ్గున వెలుగుతుంది, పస్తున్న పగడం కూడా పండగ కట్టుకున్నట్టు కనబడుతుంది. వెలగని ఊదా, నీలం మాత్రం ఆ వెలుగులో అసలు రంగు తెలియకుండా నక్కుతాయి. కనుక నిన్ను తెల్లని వెలుగులో చూడాలి, పైనుంచి, నీళ్ళ కదలిక ఆపి. అప్పుడు కనబడిందే నీ ఒంటి నిజం.

సముద్రంలోనూ ఇలాంటి వెలుగు ఒకటి ఉంది, దాన్ని తలచుకుంటే గొంతు పట్టేస్తుంది. 2016లో న్యూ కాలెడోనియా దగ్గర నీళ్ళు వేడెక్కి నాచు వెళ్ళిపోతున్నప్పుడు, పగడాలు తెల్లబడటానికి బదులు గులాబీగా, నీలంగా, పసుపుగా మండిపోయాయి. చూసినవాళ్ళు ఇంత అందం ఎన్నడూ చూడలేదన్నారు. దాని వెనకున్నదేమిటో సౌతాంప్టన్‌లోనే ఎలీనా బొల్లాటీ, వీడెన్‌మన్, వాళ్ళ తోటివారు 2020లో విప్పి చెప్పారు. నాచు పోయాక నీ ఒంట్లో వెలుగు పోటెత్తుతుంది. ఆ పోటే రంగు ప్రోటీన్లను పుట్టిస్తుంది. రెండు మూడు వారాల్లో ఆ రంగు ఒళ్ళంతా పరుచుకుని లోపల నీడ చేస్తుంది. ఆ నీడలోకి నాచు తిరిగి వస్తే, వెలుగు తగ్గి, రంగు మళ్ళీ మామూలుకు దిగుతుంది. దెబ్బ మరీ పెద్దదైతే ఈ రంగులు కట్టే శక్తి కూడా ఉండదు, తెలుపే మిగులుతుంది. ప్రపంచమంతటా పగడాలు నాలుగోసారి తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్ 15న శాస్త్రవేత్తలు ప్రకటించారు. సముద్రానికి దీపం తగ్గించే మీట లేదు, వేడి దించే మరా లేదు. మా కింది గదిలో ఒక కొమ్మ కోలుకుంటే మన్నారు సింధుశాఖలోని పగడపు దిబ్బలు కోలుకోవని తెలుసు. తెలిసీ కొమ్మ ముందు నిలబడతాను.

మన దేశంలో నిన్ను ఇలా తొట్టికి తెచ్చుకోవడం కుదరదు. 2001 నుంచి రాతిపగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి సరసన ఉన్నాయి. సముద్రంలోంచి తీయడం, అమ్మడం నేరం. అలాగే ఉండాలి. ఇక్కడ కూడా నేను తొట్టిలో పుట్టి తొట్టిలో పెరిగిన కొమ్మనే తీసుకుంటాను. మా ఇంటి ఆకుపచ్చ కోసం ఏ దిబ్బా విరగకూడదు.

తొట్టిలో పెరిగినంత మాత్రాన నువ్వు తక్కువైనదానివేం కాదు. 1999లో రష్యాకు చెందిన మిఖాయిల్ మాట్జ్, సెర్గేయ్ లుక్యానోవ్ బృందం, తాము వెలుగు పుట్టించని పగడపు బంధువుల్లో వెలిగే ప్రోటీన్లు ఉన్నాయని లోకానికి చెప్పింది. ఆ జీవాలను వాళ్ళు ఏ ఉష్ణసముద్రంలోనూ మునిగి తేలేదు. మాస్కో అక్వేరియం తొట్లలోంచి తెచ్చుకున్నారు. డిస్కోసోమా అనే మెత్తటి పుట్టగొడుగు పగడంలో దొరికిన ఎరుపు అక్కణ్ణుంచి ప్రయోగశాలలకు నడిచింది. అమెరికాలో రోజర్ చియెన్ బృందం దాన్ని మలిచి 2004లో చెర్రీ, టమాటా వంటి పండ్ల పేర్లతో కొత్త రంగుల వరసనే తీసింది. ఇవాళ క్యాన్సర్ కణం ఎటు పాకుతోందో, ఏ నాడీకణం ఎవరిని తాకుతోందో చూడటానికి ఆ ఎరుపును కణాల్లో వెలిగిస్తున్నారు. మంచు కప్పిన ఊళ్ళో, ఎవరో శ్రద్ధగా మేపిన తొట్టిలోంచి వచ్చిన ఎరుపు.

నలుగురికీ పంచేందుకు నిన్ను తుంచాలంటే ఎముకలు కత్తిరించే కత్తెరే కావాలి. తొట్టి ఒక్కటే అయితే కరెంటు పోయిన ఒక్క రాత్రి చాలు, అంతా పోవడానికి. కొమ్మలు నాలుగిళ్ళలో ఉంటే ఏదో ఒక ఇంట మిగులుతావు. అందుకే నీ రంగు నిండాక పంచాలి. గాయమైనచోటా, ఎదిగే అంచునా నీ వర్ణకాలు ఎక్కువగా చేరతాయి కనుక తెగిన కొమ్మ మాననారంభించడం కంటికి కనబడుతుంది. మా వీధిలో ఇంటర్ వయసు అమ్మాయి ఒకతి కొత్తగా తొట్టి పెట్టింది. చిన్న పింగాణీ బిళ్ళకు అంటించి ఒక కొమ్మ ఇచ్చాను. "ఫాస్పేటు సున్నా చెయ్యకమ్మా, చేపలకు కడుపు నిండా పెట్టు, మొదట్లో దీపం సగమే వెయ్యి" అన్నాను. "రంగు పోతే, ఆంటీ?" అంది. "పోతే వెంటనే నన్ను పిలువు, నీళ్ళలో మాత్రం ఏమీ పొయ్యకు" అన్నాను. మొన్న చూస్తే నీ ఊదా అంచు జిగురు దాటి బిళ్ళ మీదికి పాకింది. అది బిళ్ళ చుట్టూ తిరిగొచ్చాక ఒక కొమ్మ ఇస్తానని ఆ పిల్ల అప్పుడే స్నేహితురాలికి మాటిచ్చేసిందట.